నూట పన్నెండు, నూట పదమూడు

లైబ్రరీ గ్రాంటు పదకొండు వేలు.
మార్చి నెలాఖరులోపు బిల్లులు పెట్టాలన్నారు.
అరండల్‌పేటలో పుస్తకాల షాపు నేలమీద
బాసింపట్టు వేసుకుని
మూడు ఆదివారాలు కూర్చున్నాను.
తొమ్మిది బీలో ఆడపిల్లలు నలభై ఒక్కరు.
వాళ్లకింకా ఎన్నాళ్లు
మాట్లాడే నక్కలూ, బుద్ధొచ్చిన కోతులూ?
పేరు చూసి కాదు, ఎక్కడ తెరుచుకుంటే అక్కడ
ఒక పేజీ చదివి
ఊపిరి ఆగితే పక్కన పెట్టాను.
అట్లా ముప్పై ఎనిమిది పుస్తకాలు.

కమిటీ కూర్చుంది. టీలు వచ్చాయి.
పురుగుమందుల షాపు పిచ్చేశ్వరరావు గారు
అట్టలు మాత్రమే చూసి తొమ్మిది తీసేశారు.
ఒకదానిమీద జుట్టు విరబోసుకున్న అమ్మాయి.
ఒకదానిమీద ఏమీ లేదు, ఉత్త నలుపు.
"లోపలేముందో చెప్పనిది ఇంకా ప్రమాదం" అన్నారు.
విక్టోరియా మేడానికి రిటైర్మెంటు నాలుగు నెలలు.
"మనకెందుకమ్మా" అన్నారు సమోసా తుంచుతూ.
ఆ మాటలో కోపం లేదు, అలసటే.
నేను పోట్లాడాను. నిజంగానే పోట్లాడాను.
ఏడు పుస్తకాలు వెనక్కి తెచ్చుకున్నాను.
స్టాఫ్‌రూంలో గట్టి మనిషినని పేరొచ్చింది.

ఇక్కడిదాకా ఎవరికైనా చెబుతాను.

ఆ సాయంత్రం, అటెండరు కూడా వెళ్లిపోయాక
ఆ నల్లట్ట పుస్తకం మళ్లీ తెరిచాను.
అందులో పిల్లకి పద్నాలుగేళ్లు.
కరెంటు పోయిన వరండా.
పేజీ తిప్పితే, నూట పన్నెండులో
బంధువొకాయన, ఆయన చెయ్యి.
రాసినవాళ్లు ఒక్క బూతుమాట వాడలేదు.
అందుకే భయమేసింది.
ఎవరూ అడగలేదు.
కమిటీకి ఆ పేజీ సంగతే తెలీదు.
స్టేప్లరు తీసి, నూట పన్నెండునీ నూట పదమూడునీ
ఎదురెదురుగా మూసి, అంచులన్నీ కుట్టేశాను.
పదకొండు పిన్నులు.
ఏ పిల్లయినా చదివి ఏడిస్తే
ఏం చెప్పాలో నాకు తెలియదు.
దానికి నేను పెట్టుకున్న పేరు
పిల్లల్ని కాపాడటం.

మిర్చి సీజను. గేటు దగ్గర గాలికే తుమ్మొస్తుంది.
యార్డులో తొడిమలు తీసి ఇంటికెళ్తూ
మస్తాన్‌బీ ఆగింది, మా నౌషీన్ వాళ్లమ్మ.
వేళ్లమీది గీతలు కారానికి అరిగిపోయి
రేషన్ మిషను కూడా ఆమెని గుర్తుపట్టదు.
"మేడం, రాత్రిళ్లు మా పిల్ల చదువుద్ది, నేనింటా.
ఆ నల్ల పుస్తకంలో పిల్ల ఉంది గదా,
వరండాలోకి పోయింది, కరెంటు పోయింది.
ఆడ కాయితాలు అతుక్కుపోయినయ్యంట.
ఆ తర్వాత చూస్తే అన్నం తింటా ఉంది,
ఎవురితో మాట్టాడట్లా.
మధ్యలో ఏమైంది మేడం?
ఆ పిల్ల అరిచిందా, లేదా?"

వెనకాల సైకిల్ స్టాండులో నౌషీన్
చైను ఎక్కిస్తున్నట్టు వంగి ఉంది.
చైను ఊడలేదు.

జవాబు నాకు తెలుసు. చదివినదాన్ని.
చెప్పబోయి, తుమ్ము రాబోయి ఆగినట్టు
ఆగిపోయాను.
"పుస్తకం బ్యాగులో ఉందా?" అన్నాను సైకిలు వైపు.

వరండా మెట్లమీద కూర్చుని
గోటితో ఒక్కో పిన్నూ లేపాను.
నాలుగోదానికి గోరు చిట్లింది.
మస్తాన్‌బీ పుస్తకం తనవైపు లాక్కుంది.
రోజుకి ఎన్ని వేల తొడిమలో తీసే వేళ్లు.
మిగతా ఏడూ ఆమే తీసింది, కాగితం చిరగకుండా,
కొంగులో వేసుకుంది, ఎవరి కాల్లోనో దిగుతాయని.
పేజీ అంచున గీతల్లేని ఎర్రటి ముద్ర ఒకటి పడింది.

నౌషీన్ వచ్చి నిలబడింది.
మేమిద్దరం చెరోపక్కకి జరిగాం.

"ఇంకా ఎలుగుంది గదా" అంది వాళ్లమ్మ.
"చదువు."